బాల్కనీలో మొక్కలు: ఎండ లెక్క, వేరు లెక్క

అందరికీ నమస్కారం.

ముందు ఒక్కసారి చేతులెత్తండి. కుండీలో ఇష్టంగా మొక్క పెట్టుకుని, అది కళ్లముందే వాడిపోతుంటే ఏం చేయాలో తోచక బాధపడినవాళ్లు ఎంతమంది? దాదాపు అందరూ ఎత్తారు. అందులో "నా చేతికి మొక్క బతకదు" అని ఒక్కసారైనా అనుకున్నవాళ్లు చేతులు దించకండి. చాలానే ఉన్నాయి. ఆ మాట మీ మనసులోంచి తీసేయించాలనే నేను ఇవాళ ఇక్కడికి వచ్చాను. నా చేతుల్లో పోయిన మొక్కలకు లెక్కే లేదు. ఎందుకు పోయాయో తర్వాత ఒక్కొక్కటిగా తెలిసింది. ఏ ఒక్కదానికీ చేతితో సంబంధం లేదు.

నా మొదటి బాల్కనీ నాలుగడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. మొక్కల మీద ఉన్న ఆశకొద్దీ ఒకే రోజు ఇరవై రెండు చిన్న కుండీలు తెచ్చి వరసగా పేర్చాను. గులాబీ, మల్లె, టమాటా, మిరప, ఇంకా పేరు తెలియని పూల మొక్కలు. రెండు నెలలు తిరిగేసరికి మిగిలినవి ఆరు. చోటు చాల్లేదేమో అనుకున్నాను అప్పుడు. పెద్ద డాబా ఉన్న ఇంటికి మారితే అన్నీ బాగుంటాయి అనుకున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, చిన్న చోట్లో మనకు కరువయ్యేవి చదరపు అడుగులు అనుకుంటాం గానీ, నిజానికి కరువయ్యేవి రెండు. ఒకటి ఎండ పడే గంటలు. రెండోది వేళ్లకు దొరికే మట్టి. ఈ రెండూ లెక్క చూసుకున్నవాళ్లు నాలుగడుగుల బాల్కనీలో కూడా హాయిగా పెంచుతారు.

ఎండతో మొదలుపెడదాం. మన కళ్లు ఈ విషయంలో మనల్ని బాగా మోసం చేస్తాయి. వెలుగును లక్స్ అనే కొలతలో లెక్కిస్తారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట నేరుగా పడే ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. దీపాలు వేసిన హాల్లో ఉండేది మహా అయితే కొన్ని వందల లక్స్. అంటే వందల రెట్ల తేడా. కానీ బయటి నుంచి లోపలికి వచ్చిన రెండు నిమిషాలకే మనకు గది వెలుతురుగానే కనిపిస్తుంది, ఎందుకంటే మన కన్ను తనను తాను సర్దుకుంటుంది. మొక్కకు అలా సర్దుకునే కన్ను లేదు. దానికి పడిన వెలుగే తిండి. "మా బాల్కనీ మంచి వెలుతురండీ" అని ఎవరైనా అంటే, "ఎండ ఎన్ని గంటలు పడుతుంది?" అని అడుగుతాను. చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఆ జవాబు కోసం ఒక సుద్దముక్క చాలు. సెలవు రోజు చూసుకుని, పొద్దున ఏడు గంటల నుంచి గంటకోసారి బాల్కనీలోకి వెళ్లి, ఎండ ఎక్కడిదాకా వచ్చిందో నేల మీద గీత గీసి, పక్కన టైమ్ రాయండి. గోడ మీద కూడా గీయండి. సాయంత్రానికి నేలంతా గీతలతో నిండిపోతుంది. అదే మీ తోట పటం. దాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

నేను ఇలా గీసినప్పుడు ఒక విషయం చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. మా బాల్కనీకి ముందు వైపు మూడడుగుల పిట్టగోడ ఉండేది. నేల మీద ఎండ పడేది రెండు గంటలే. కానీ అదే చోట, పిట్టగోడ పైఅంచు ఎత్తులో చెయ్యి పెట్టి చూస్తే ఐదు గంటల ఎండ ఉంది. నా ఇరవై రెండు కుండీలూ నేల మీద, గోడ నీడలో ఉన్నాయి. ఎండ వాటి తలల మీదుగా వెళ్లిపోతోంది. మొక్కల్ని రెండున్నర అడుగుల స్టాండు ఎక్కించాక, అదే బాల్కనీలో, అదే మట్టిలో మిరప కాసింది. కాబట్టి కొత్త మొక్క కొనే ముందు, ఉన్న మొక్కను ఒక స్టూలు మీద పెట్టి రెండు వారాలు చూడండి.

కాలం మారితే ఈ గీతలూ మారతాయని గుర్తుంచుకోండి. ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్లకు దక్షిణం వైపు తెరుచుకున్న బాల్కనీలో, డిసెంబరులో సూర్యుడు కిందుగా నడుస్తాడు కాబట్టి ఎండ లోపలి గోడ దాకా వస్తుంది. జూన్‌లో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వస్తాడు, పైన స్లాబ్ ఉంటే ఎండ దాదాపు లోపలికే రాదు. ఎండాకాలంలో ఎండ తగ్గే బాల్కనీ ఇది. "చలికాలం బాగున్న మొక్క ఎండాకాలం ఎందుకు పాడైంది" అని తల పట్టుకునేవాళ్లలో కొందరి సమస్య ఇదే. తూర్పు బాల్కనీ ఎండ మెత్తగా ఉంటుంది, ఆకులకు హాయి. పడమటి బాల్కనీకి మధ్యాహ్నం ఎండ వస్తుంది, అప్పటికే గోడలు, గాలి వేడెక్కి ఉంటాయి కాబట్టి మొక్కకు కష్టం. డాబా మీద అయితే తిప్పలు వేరు. అక్కడ ఎండకు కొదవ ఉండదు, మండే నెలల్లో యాభై శాతం షేడ్‌నెట్, అంటే సగం ఎండను ఆపే నీడ వల, కట్టుకోవాల్సి వస్తుంది.

గంటలు తెలిశాక ఏం పెంచాలో తేల్చుకోవడం సులువు. కాయ కావాలంటే ఎండ కావాలి. టమాటా, మిరప, వంగ, బెండ లాంటి వాటికి రోజుకు ఐదారు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. ఆకుతోనే పని అయితే మూడు నాలుగు గంటలు సరిపోతాయి. పాలకూర, పుదీనా, కొత్తిమీర ఆ మాత్రం ఎండలో బాగా వస్తాయి. వేడి ఎక్కువైతే కొత్తిమీర తొందరపడి పూతకు వచ్చేస్తుంది కాబట్టి దానికి కొంచెం నీడే మేలు. అసలు నేరు ఎండే లేదంటారా, అప్పుడు మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ లాంటివి పెట్టుకుని సంతోషంగా ఉండండి. రెండు గంటల ఎండలో టమాటా పెట్టి, అది కాయట్లేదని దిగులు పెట్టుకోకండి. అది మీ తప్పు కాదు, మొక్క తప్పూ కాదు.

ఇక మట్టి సంగతి. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్తాను, దయచేసి కాగితం మీద రాసుకోండి. పదిహేను సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న నిలువు కుండీలో పట్టేది సుమారు రెండున్నర లీటర్ల మట్టి. ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న కుండీలో ఎంత పడుతుంది? ఐదు లీటర్లు అన్నారు ఎవరో. ఇరవై ఒక్క లీటర్లు! కొలత రెండింతలైతే మట్టి ఎనిమిది రెట్లవుతుంది. ఇప్పుడు నేల మీద చూడండి. పెద్ద కుండీ ఒకటి పెట్టిన చోట చిన్నవి నాలుగు పడతాయి. ఆ నాలుగింటిలో కలిపి పట్టే మట్టి పదిన్నర లీటర్లు, పెద్దదాంట్లో ఇరవై ఒకటి. చోటు అదే, మట్టి రెట్టింపు. పైగా చిన్న కుండీ మధ్యాహ్నానికే ఎండిపోతుంది, పెద్దది రెండు రోజులు తడి నిలుపుకుంటుంది. నా ఇరవై రెండు కుండీల్లో పదహారు పోవడానికి రెండో కారణం ఇదే. చోటు చిన్నది కదా అని చిన్న కుండీలు కొన్నాను. చిన్న చోట్లో పెద్ద కుండీలు తక్కువగా పెట్టుకోవాలి. నా మాట నమ్మి ఆరు పెద్ద కుండీలతో మొదలుపెట్టండి.

ఇప్పుడు ఈ స్పాంజి చూడండి. గిన్నెలు తోముకునే మామూలు స్పాంజి, కొంచెం పెద్దది. దీన్ని నీళ్లలో బాగా నానబెట్టాను. ఇదిగో, పడుకోబెట్టినట్టు అడ్డంగా పట్టుకుంటున్నాను. నీళ్లు కారుతున్నాయి... కారుతున్నాయి... ఆగిపోయాయి. ఒక్క చుక్క కూడా పడట్లేదు కదా. దీన్ని నేను పిండను, నొక్కను. నిలువుగా నిలబెడుతున్నాను, అంతే. చూశారా! మళ్లీ ధారగా కారుతోంది. వెనక కూర్చున్నవాళ్లకు కనిపిస్తోందా?

స్పాంజి అదే, నీళ్లు అవే. ఎత్తు పెరిగింది కాబట్టి కారింది. మట్టి కూడా ఇలాగే సన్నటి రంధ్రాల్లో నీళ్లను పట్టి ఉంచుకుంటుంది. భూమి కిందికి లాగుతుంటే మట్టి వదలనంటుంది. కుండీ అడుగున కొంత మందం మేర మట్టే గెలుస్తుంది, అక్కడ నీళ్లు నిలిచిపోయి బురదలా ఉంటుంది. కింద చిల్లు ఉన్నా సరే ఉంటుంది. ఆ తడి పొర మందం మట్టి రకాన్ని బట్టి ఉంటుంది, కుండీ ఎత్తుతో దానికి పని లేదు. అంటే నాలుగు అంగుళాల లోతు పళ్లెంలాంటి కుండీలో సగం దాకా బురదే కావచ్చు, పన్నెండు అంగుళాల కుండీలో అదే బురద అడుగున కొంచెమే. వేళ్లకు నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. ఆ బురదలో గాలి ఉండదు, వేరు కుళ్లిపోతుంది.

ఇది తెలిస్తే గులకరాళ్ల సంగతి కూడా తెలిసిపోతుంది. మొదట్లో ఒక నర్సరీలో నాకు చెప్పారు, కుండీ అడుగున రెండంగుళాలు గులకరాళ్లు గానీ పెంకులు గానీ వేస్తే నీళ్లు బాగా దిగుతాయని. ఏళ్ల తరబడి శ్రద్ధగా వేశాను. కానీ నీళ్లు సన్న రంధ్రాల మట్టిలోంచి పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి సులువుగా దిగవు. మట్టి పూర్తిగా నానిన తర్వాతే దిగుతాయి. దాంతో ఆ బురద పొర రాళ్ల కింద ఉండకుండా రాళ్ల మీదికి ఎక్కుతుంది, వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రెండంగుళాల మట్టి కూడా పోతుంది. చిల్లు మీద చిన్న దోమతెర ముక్క వేయండి, మట్టి కారకుండా ఉంటుంది. అంతకు మించి అడుగున ఏమీ వద్దు, పైదాకా మట్టే నింపండి.

ఏ మట్టి అంటారా? నేలలోంచి తవ్విన మట్టిని అలాగే నింపితే నాలుగు తడుపులకు గట్టిపడి ఇటుకలా తయారవుతుంది. నేలలో వానపాములు, వేళ్లు కలిసి మట్టిని గుల్లగా ఉంచుతాయి, కుండీలో ఆ పని చేసేవాళ్లు లేరు. నేను ఒక పాలు మట్టి, కొబ్బరి పొట్టుతో చేసే కోకోపీట్ ఒక పాలు, ఒక పాలు బాగా మాగిన కంపోస్ట్ కలుపుతాను, మట్టి జిగటగా ఉంటే ముతక ఇసుక కూడా. కోకోపీట్‌లో కొన్నిసార్లు ఉప్పు ఉంటుంది, ఒకట్రెండు సార్లు నానబెట్టి పిండి వాడండి. కుండీకి నీళ్లు పోసినప్పుడల్లా కొంత బలం కింది చిల్లులోంచి పోతుంది కాబట్టి పెరిగే రోజుల్లో పది పదిహేను రోజులకోసారి కొంచెం కంపోస్ట్ గానీ పల్చటి ద్రవ ఎరువు గానీ ఇవ్వాలి. ఎరువుల గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను. చాలామంది కుండీల్లో లోపం ఎరువుది కాదు, ఎండది, వేరుది.

బరువు మాట మాత్రం నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఇది ప్రాణాలకు సంబంధించినది. నీళ్లు లీటరుకు కిలో. తడిసిన మట్టి అంతకంటే బరువు. ఇరవై లీటర్ల కుండీ తడిగా ఉన్నప్పుడు దాదాపు ముప్ఫై కిలోలు తూగుతుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, ముప్ఫై సెంటీమీటర్ల లోతున్న మడి కడితే అందులో మూడు వందల లీటర్ల మట్టి పడుతుంది, పూర్తిగా మట్టే నింపితే తడిసినప్పుడు ఐదు వందల కిలోలు కూడా కావచ్చు. గోడలోంచి ముందుకు చాచుకున్న బాల్కనీ చాచిన చెయ్యి లాంటిది. సంచీ మోచేతి దగ్గర తగిలించుకుంటే మోయగలం, అదే సంచీ వేళ్ల చివర పట్టుకుంటే భుజం లాగేస్తుంది. అందుకే పెద్ద కుండీలు ఇంటి గోడ వైపు, తేలికవి బయటి అంచు వైపు. పాత కట్టడమైనా, డాబా మీద మడులు కట్టాలనుకున్నా ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు చూపించండి. డాబా మీద కుండీలన్నీ స్టాండ్ల మీదే ఉంచండి, కింద నేల ఆరాలి, లేకపోతే స్లాబ్‌లోకి చెమ్మ దిగుతుంది. ఇంకొకటి, రెయిలింగ్‌కు బయటి వైపు కుండీ వేలాడదీయకండి. ఎంత గట్టి కొక్కెమైనా సరే, లోపలి వైపే. కింద నడిచే మనిషి తల మీద మనకు హక్కు లేదు.

పై అంతస్తుల్లో గాలి కూడా ఎక్కువ. గాలి ఆకుల్లో తడిని లాగేస్తుంది, అందుకే పదో అంతస్తులో మొక్కకు నేల మీద మొక్క కంటే ఎక్కువ దాహం. గాలికి అడ్డంగా రేకు కడితే గాలి దాని పైనుంచి దూకి లోపల సుడి తిరుగుతుంది. సగం గాలిని వదిలే వల కట్టండి, మెత్తబడుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీని మధ్యాహ్నం ఎండలో పట్టుకుని చూడండి, చెయ్యి చురుక్కుమంటుంది. లోపల కుండీ గోడకు ఆనుకుని ఉన్న వేళ్లకూ అదే వేడి. నలభై డిగ్రీల దగ్గర చాలా మొక్కల వేళ్లు దెబ్బతింటాయి. ఆ కుండీని కొంచెం పెద్ద కుండీలో దింపినా, ముందు వరసలో లేత రంగు కుండీ అడ్డం పెట్టినా చాలు.

(సభలోంచి ప్రశ్న: నీళ్లు రోజూ పోయాలా, రోజు విడిచి రోజా?)

క్యాలెండర్ చూసి పోయకండమ్మా. వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించండి. అక్కడ తడి తగిలితే ఆ రోజు వద్దు. కొన్నాళ్లకు కుండీని కొంచెం వంచి చూస్తేనే బరువును బట్టి తెలిసిపోతుంది. పోసేటప్పుడు కింది నుంచి కారేదాకా నిదానంగా పోయండి. ఒకవేళ పోసిన వెంటనే గబగబా కిందికి వచ్చేసిందంటే మట్టి తడిసిందని సంబరపడొద్దు. బాగా ఎండిన కోకోపీట్ కుంచించుకుపోయి కుండీ అంచుల నుంచి విడిపోతుంది, నీళ్లు ఆ సందులోంచి జారిపోతాయి, మధ్యలో వేళ్లు పొడిగానే ఉంటాయి. అప్పుడు కుండీని నీళ్ల టబ్‌లో అరగంట ఉంచండి, కింది నుంచి పీల్చుకుంటుంది. కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయడం మరవద్దు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు.

(సభలోంచి ప్రశ్న: వర్టికల్ గార్డెన్ పెట్టుకుంటే చోటు కలిసి వస్తుంది కదా?)

చాలామంది అడుగుతారు. మొక్కలు మోసే గోడ ఆలోచన కొత్తది కాదు, స్టాన్లీ హార్ట్ వైట్ అనే అమెరికన్ ల్యాండ్‌స్కేప్ ప్రొఫెసర్ 1938లోనే దానికి పేటెంట్ పొందారు. ఇప్పుడు పెద్ద భవనాల మీద మీరు చూసే పచ్చటి గోడల వెనక పంపులు, టైమర్లు, పైపులు ఉంటాయి, చూసుకోవడానికి మనుషులుంటారు. మనం ఇంట్లో తగిలించే గుడ్డ సంచుల్లో పట్టేది అరలీటరో, లీటరో మట్టి. ఇందాకటి లెక్క గుర్తుచేసుకోండి, ఆ మట్టి పూట తిరక్కుండానే ఎండుతుంది. నన్నడిగితే, గోడ వాడుకోవాలంటే తీగ పెంచండి. ముప్ఫై నలభై లీటర్ల కుండీ ఒకటి మూలన పెట్టి, తాళ్లో వలో కట్టి కాకర, బీర, శంఖుపూల తీగ ఎక్కించండి. వేరు కింద సుఖంగా ఉంటుంది, ఆకు పైన గోడంతా పాకుతుంది. నేల మీద అది తినేది అడుగున్నర చోటు.

మొక్కల ఎంపిక కూడా అలాగే ఆలోచించండి. క్యాబేజీ నెలల తరబడి చోటు ఆక్రమించి చివరికి ఒక్క గడ్డ ఇస్తుంది, చిన్న చోట్లో వద్దు. తోటకూర, పాలకూర పైపైన కోసుకుంటూ పోతే మళ్లీ చిగురిస్తాయి. పెద్ద టమాటా కంటే చెర్రీ టమాటా కుండీలో నమ్మకంగా కాస్తుంది. పుదీనాకు విడిగా కుండీ ఇవ్వండి, పక్కవాటి వేళ్లను తొక్కేసుకుంటూ పోతుంది. కొత్తిమీర గింజలన్నీ ఒకేసారి చల్లకుండా రెండు వారాలకోసారి కొన్ని చల్లండి.

గాలి శుభ్రమవుతుందని మొక్కలు కొంటున్నామని కొందరు చెప్పారు ఇందాక. 1989లో నాసా మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం నుంచి ఆ మాట పాకింది. ఇల్లు మూసిన పెట్టె కాదు. అలాంటి ప్రయోగాలన్నిటినీ మళ్లీ లెక్కగట్టి 2019లో వచ్చిన పరిశీలన ప్రకారం, ఇంట్లోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పని చేయాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలి. గాలి కోసం కిటికీ తెరవండి. మొక్కల్ని మొక్కల కోసమే పెంచుకోండి, అది తక్కువ కారణమేం కాదు.

ఇంకో మాట చెప్పి ఆపుతాను. బాల్కనీలో మొదట పెట్టాల్సినది కుర్చీ. కుండీలన్నీ పెట్టాక మిగిలితే కుర్చీ అనుకుంటాం, మిగలదు. కూర్చునే చోటు లేని బాల్కనీలోకి మనం నీళ్ల మగ్గుతో వెళ్లి రెండు నిమిషాల్లో వచ్చేస్తాం. కూర్చుంటేనే కళ్లకు పని దొరుకుతుంది. ఒకరోజు పొద్దున ఊరికే కూర్చుని చూస్తుంటే మిరప కాండం మీద చీమలు బారులుగా ఎక్కుతున్నాయి. మిరపతో చీమలకేం పని అనుకుని ఒక లేత ఆకు తిప్పి చూశాను. ఈనె వెంబడి ఆవగింజలో సగం కూడా లేని పచ్చటి పురుగులు, పేనుబంక. అవి ఆకు రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతాయి, చీమలు ఆ తీపి కోసం వస్తాయి. అప్పటికి నాలుగు ఆకులకే ఉంది. తడిగుడ్డతో తుడిచి, లీటరు నీళ్లకు ఒక చెంచా ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టాను, మూడు రోజుల తర్వాత మళ్లీ. మొక్క నిలబడింది. కుర్చీ లేకపోతే అది నాకు వారం తర్వాత, చిగుళ్లన్నీ ముడుచుకుపోయాక కనిపించేది.

(సభలోంచి ప్రశ్న: వారం రోజులు ఊరెళ్తే ఎలాగండీ?)

మంచి ప్రశ్న. కుండీలన్నిటినీ ఎండ తగలని మూలకు చేర్చి, ఒకదానికొకటి ఆనించి పెట్టండి. బాగా తడిపి, మట్టి మీద ఎండుటాకులు రెండంగుళాల మందం పరవండి. పెద్ద కుండీలకు ఇది చాలావరకు సరిపోతుంది. చిన్నవాటికి ఒత్తి పెట్టండి. లావుపాటి నూలుతాడు తీసుకుని పూర్తిగా తడిపి, ఒక కొస మూతపెట్టిన బకెట్‌లో అడుగు దాకా, రెండో కొస కుండీ మట్టిలో మూడంగుళాల లోతుకు దించండి. బకెట్ కుండీ కంటే కొంచెం ఎత్తులో ఉండాలి. ఇందాక స్పాంజి చేసిన పనే తాడు చేస్తుంది. ఇదంతా ఊరెళ్లే రోజు పొద్దున చేయకండి, నాలుగు రోజుల ముందే కట్టి చూడండి. బకెట్‌లో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో పెన్నుతో గీత గీసి, మర్నాడు ఎంత తగ్గిందో చూసుకుంటే, మీరు వచ్చేదాకా ఆ నీళ్లు చాలుతాయో లేదో, ఇంకో బకెట్ పెట్టాలో వద్దో తెలిసిపోతుంది.